వ్యవహారకాండములో అభియుక్తుని స్థానము

మూలఘటిక కేతన 13వ శతాబ్ది కవి. దశకుమారచరిత్రమును తిక్కనకు కృతియిచ్చి అభినవదండి యను ఖ్యాతి గాంచెను. ఆంధ్రభాషాభూషణమున తెలుగునకు తెలుగుననే లక్షణము కూర్చెను. ఈ రెండు గ్రంథములను గూర్చి వెలసిన విమర్శ విస్తారము. మూడవదియగు విజ్ఞానేశ్వరమునకు మాత్రము అట్టి యాదరము లభింపలేదు. దానిని పరిశీలించినవారు గూడ అందలి శబ్దరూపములను, ఛందోవిశేషములను ఎత్తిచూపి తృప్తినొందిరి. అది ధర్మశాస్త్రమనియు, ఒకానొక కాలమున మనుష్యుని ధనమానప్రాణములను గూర్చి తీర్పుచెప్పిన శాస్త్రమునకు తెలుగురూపమనియు స్మరించిన విమర్శ అరుదు.

ఈ యుపేక్షకు చరిత్రలో ఒక కారణము కలదు. విజ్ఞానేశ్వరమునకు మూలము మితాక్షర. కల్యాణపురమున 1076 మొదలు 1126 వరకు రాజ్యమేలిన చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రచించిన వ్యాఖ్య యది. ఆంగ్లేయుల న్యాయస్థానములు ఈ గ్రంథమునుండి దాయభాగమును మాత్రమే గైకొనినవి. కోల్‌బ్రూకు దొర 1810లో ఆంగ్లీకరించినదియు ఆ భాగమునే. 1860లో శిక్షాస్మృతియు, 1861లో నేరవిచారణ స్మృతియు వచ్చినపిమ్మట మితాక్షరలోని దండభాగమునకు వ్యవహారములో పనిలేకపోయెను. కావున మన న్యాయవాదులకు మితాక్షర యనగా ఆస్తిపంపకమే. మన సాహిత్యవిద్యార్థులకు విజ్ఞానేశ్వరమనగా ఒక ప్రాచీన పద్యగ్రంథమే.

ఇప్పుడు ఆ భాగమును మరల తెరచి చూడవలసిన యవసరము కలిగినది. 2024 జులై 1వ తేదీ నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినవి. వలసపాలన నాటి దండదృష్టిని తొలగించి భారతీయమైన న్యాయదృష్టిని నెలకొల్పుటయే వీని ఆశయమని ప్రభుత్వము ప్రకటించినది. ఇట్టి సందర్భములందు రెండు తెగల వాదములు వినవచ్చును. రాజ్యాంగము ప్రసాదించిన హక్కులన్నియు మన స్మృతులలో పూర్వమే కలవని కొందరందురు. స్మృతులలో వర్ణభేదమును దండక్రౌర్యమును తప్ప మరేమియు లేదని మరికొందరందురు. గ్రంథమును తెరువకయే ఈ రెండు మాటలను చెప్పవచ్చును. తెరచినవానికి ఈ రెండును నిలువవు.

ఈ వ్యాసమున నేను వేయు ప్రశ్న యొక్కటియే. వ్యవహారకాండమున అభియుక్తుడు, అనగా నేరము మోపబడినవాడు, ఎచ్చట నిలిచియున్నాడు? నియమములు యాజ్ఞవల్క్యునివి, వాని వివరణము విజ్ఞానేశ్వరునిది, భాష కేతనది. కావున నియమములను మూలమునుబట్టి పరిశీలించి, కేతన కృషిని భాషాదృష్టితో తుదియందు విచారింతును.

మొదట గుణములను చెప్పుట న్యాయము. యాజ్ఞవల్క్యుని మతమున రాజు క్రోధలోభములను విడిచి, విద్వాంసులతో గూడి, ధర్మశాస్త్రమునకు లోబడి వ్యవహారములను చూడవలయును. వ్యవహారము నాలుగు పాదములు గలది: అభియోగము, ఉత్తరము, ప్రమాణము, నిర్ణయము. అభియోక్త చెప్పినదానిని ప్రత్యర్థి యెదుటనే సంవత్సరము, మాసము, దినము, పేరు మున్నగువానితో వ్రాయవలయును. ఆ యభియోగమును వినినపిదప ప్రత్యర్థి చెప్పు ఉత్తరమును అభియోక్త యెదుట వ్రాయవలయును. అనగా, వెనుకచాటున మోపిన నిందపై తీర్పులేదు. రాగముచేతగాని, లోభముచేతగాని, భయముచేతగాని ధర్మవిరుద్ధముగా తీర్పుచెప్పిన సభ్యులకు, ఓడినవానికి విధింపదగిన దానికి రెట్టింపు దండము వేర్వేరుగా విధింపవలయును. తప్పుగా చూడబడిన వ్యవహారమును రాజు పునర్విచారణ చేయవలయును. వ్యవహారమును ఛలము విడిచి భూతమునుబట్టి, అనగా నిజమునుబట్టి, నడపవలయునని మరియొక నియమము. ఛలమనగా ఏమరుపాటున నోరుజారిన మాటయని విజ్ఞానేశ్వరుడు వివరించెను. అట్టి మాటను పట్టుకొని మనుష్యుని ఓడింపరాదు.

ఇవి సామాన్యములైన గుణములు కావు. నేటి న్యాయశాస్త్రమున సహజన్యాయసూత్రములని చెప్పబడు రెండింటిలో ఒకటియగు ఉభయపక్షశ్రవణము ఇందు స్పష్టముగా కలదు. తీర్పరికి పక్షపాతముండరాదను రెండవది దండపూర్వకముగా కలదు.

అయితే ఈ గుణములన్నిటికి ఒక ఆధారభావము కలదు. ఇచ్చట వాదియు ప్రతివాదియు సమానస్థానమున నిలిచిన ఇరువురు మనుష్యులు. రాజు వారికి పైన నున్న మధ్యస్థుడు. ఋణమును చెల్లింపనివానికిని, కొట్టినవానికిని, దొంగిలినవానికిని వ్యవహారపదములే. అన్నిటికి ఒకేవిధమైన నాలుగు పాదములే. రాజుగాని రాజపురుషుడుగాని తానై వివాదమును లేవదీయరాదని మనువు చెప్పినదియు ఈ భావముచేతనే. మధ్యస్థుడు మధ్యస్థుడుగా నున్నంతవరకు అభియుక్తునకు భయములేదు. చిక్కెల్ల, రాజే పట్టుకొనువాడైనప్పుడు పుట్టును. ఆ ఘట్టము స్తేయప్రకరణము.

దొంగలను పట్టువారికి గ్రాహకులని పేరు. దొంగసొత్తు దొరకుట, అడుగుజాడ కనబడుట, పూర్వము నేరము చేసియుండుట, నివాసము తెలియకుండుట అనువానినిబట్టి వారు మనుష్యుని పట్టవచ్చును. ఇంతటితో ఆగక, శంకచేత గూడ పట్టవచ్చునని స్మృతి చెప్పుచున్నది. జాతినామములను దాచువారు, జూదము, స్త్రీలు, పానము అనువానియందు సక్తులు, అడిగినపుడు నోరెండి స్వరము మారినవారు శంకితులు. ఇట్లు శంకచేత పట్టుపడినవాడు తన నిర్దోషిత్వమును తానే నిరూపించుకొనవలయును. నిరూపించుకొనలేనిచో పోయిన సొత్తును ఇప్పించి చోరదండమును విధింపవలయును.

ఇచ్చట వ్యవహారము తలక్రిందులైనది. ఋణవ్యాజ్యమున ప్రమాణభారము అభియోక్తది. చౌర్యశంకలో అది అభియుక్తునిది. దీనికి కారణమును స్మృతియే మరియొకచోట సూచించుచున్నది. దొంగలు హరించిన ద్రవ్యమును రాజు జానపదునకు ఇచ్చితీరవలయును. గ్రామమున చౌర్యము జరిగి, దొంగ వెలుపలికి పోయిన జాడ కనబడనిచో గ్రామాధిపతిదే దోషము. బాధితుని కన్నీరు తుడుచుటకు ఇంతకంటె మంచి నియమము లేదనిపించును. కాని దాని మరుపార్శ్వమును చూడుడు. దొంగ దొరకనిచో తన సంచినుండి చెల్లించుకొనవలసిన అధికారికి దొంగ దొరకుటయే లాభము. అతని కంటికి నోరెండిన ప్రతి బాటసారియు దొంగయే. బాధితునిపట్ల చూపిన దయ శంకితునిపట్ల క్రౌర్యముగా పరిణమించుటకు ఇందు దారి కలదు. నేరము తేలలేదని పైయధికారి యడుగుననెడి భయమున ఎవనినో యొకనిని తెచ్చి నిలబెట్టు అలవాటు ఏ యుగమునకును క్రొత్తది కాదు.

విజ్ఞానేశ్వరుని గొప్పతనము ఈ ఘట్టముననే కనబడును. అతడు మూలమును త్రోసిపుచ్చజాలడు. వ్యాఖ్యాతకు ఆ యధికారము లేదు. కాని పగ్గము వేసెను. చౌర్యచిహ్నములు గలవానిని పట్టిన పిదప ఇతడు దొంగయా, సాధువా యని బాగుగా పరీక్షింపవలయునే గాని, చిహ్నము కనబడినంతమాత్రమున దొంగయని నిర్ణయింపరాదనియు, దొంగకానివానియొద్ద గూడ దొంగసొత్తు మొదలగు చిహ్నములు ఉండుట సంభవమేననియు అతడు వ్రాసెను. దుష్టప్రతివాది లక్షణములను చెప్పు తావున గూడ ఇట్లే. పెదవుల మూలలను నాకుట, నుదుట చెమర్చుట, ముఖము వివర్ణమగుట, మాట తొట్రుపడుట యని స్మృతి లక్షణములను పేర్కొనగా, ఇవి దోషశంకకు మాత్రమే చాలునుగాని దోషనిశ్చయమునకు చాలవని వ్యాఖ్యాత తేల్చిచెప్పెను. సహజముగా కలిగిన వికారమేదో, భయాదులచేత కలిగిన వికారమేదో వేరుచేసి తెలిసికొనుట దుష్కరమని అతడు చూపిన హేతువు. మరణచిహ్నములు కనబడినవని బ్రదికియున్నవానికి ఉత్తరక్రియలు చేయరుగదా యని యతని దృష్టాంతము. తొమ్మిదివందల యేండ్లనాటి ఈ దృష్టాంతమునకు నేటి న్యాయమూర్తులెవ్వరును మెరుగుపెట్టజాలరు.

కాని పగ్గము న్యాయాధిపతి చేతిలోనిది. అభియుక్తుని చేతిలోనిది కాదు. ఈ భేదము మౌనమును గూర్చిన నియమమున తేటపడును. పిలిపింపబడి సభకు వచ్చియు ఏమియు పలుకనివాడు హీనుడనియు, దండ్యుడనియు యాజ్ఞవల్క్యుని శాసనము. రాజ్యాంగపు 20వ అధికరణమున మూడవ ఖండము దీనికి సరిగా ఎదురు నిలిచినది: నేరము మోపబడిన యే వ్యక్తినిగాని తనకు తానే వ్యతిరేకసాక్షిగా నుండునట్లు నిర్బంధింపరాదు. ఈ రక్షణము న్యాయస్థానపు బోనుతో ఆగక, ఠాణాలో జరుగు ప్రశ్నలకు గూడ వర్తించునని నందినీ శతపథీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1978లో తీర్పు చెప్పినది.

మౌనమునకు శిక్షవేసిన శాస్త్రమును మన పురాణమే నిలదీసినది. ఆదిపర్వమునందలి మాండవ్యుని కథ తెలుగువారికి నన్నయనాటి నుండియు పరిచితము. దొంగలు సొత్తును మునియాశ్రమమున దాచిరి. రాజభటులు ప్రశ్నింపగా మౌనవ్రతుడగు మాండవ్యుడు పలుకడయ్యెను. సొత్తు దొరకెను, మౌనము దోషమునకు ప్రమాణమయ్యెను, ముని కొరతవేయబడెను. పిదప రాజు వచ్చి మన్నింపవేడెను. గమనింపదగినది తరువాతి కథ. తనకు ఈ దండమేల కలిగెనని మాండవ్యుడు ప్రశ్నించినది రాజసభలో కాదు, యమసభలో. బాల్యమున తూనీగను పుల్లతో గ్రుచ్చినందులకని యముడు చెప్పగా, పదునాలుగేండ్లలోపు చేసినది పాపముగా పరిగణింపబడరాదని ముని మర్యాద నెలకొల్పి, అల్పదోషమునకు ఘోరదండము విధించిన ధర్మునే శపించెను. విదురుడు ఆ శాపఫలము. తప్పుగా దండింపబడినవానికి ప్రశ్నించు హక్కు కలదని కవి యెరుగును. కాని ఆ ప్రశ్నకు తావిచ్చు సభ భూలోకమున లేదనియు ఎరుగును. రాజ్యాంగమున 32, 226 అధికరణములు చేసిన పని, మాండవ్యుని ప్రశ్నను యమసభనుండి భూలోకపు న్యాయస్థానమునకు దింపుటయే.

దివ్యములను గూర్చియు ఒక మాట. తుల, అగ్ని, జలము, విషము, కోశము అని యాజ్ఞవల్క్యుడు ఐదు దివ్యములను చెప్పెను. లిఖితము, భుక్తి, సాక్షులు అను మానుషప్రమాణములు లేనపుడే ఇవి గ్రాహ్యములు. ఈ పరిమితిని విస్మరించి, మన పూర్వులు ప్రతి తగవును నిప్పుతో తేల్చిరనుట అపనింద. అయినను మానుషప్రమాణము లేనపుడు అభియుక్తుని విడిచిపెట్టుమని స్మృతి చెప్పలేదు; అతని దేహమునే ప్రమాణముగా చేయుమన్నది. సందేహఫలము అభియుక్తునకు చెందవలయుననెడి నేటి సూత్రమునకును దీనికిని గల దూరము ఇంతయని చెప్పనలవికాదు. ఈ దూరమును మనము పూర్తిగా దాటితిమని గర్వింపరాదు. మత్తుమందిచ్చి నిజము పలికించుట, అబద్ధమును యంత్రముతో కనిపెట్టుట, మెదడుకదలికలను చిత్రించుట అను పద్ధతులు మన కాలమున నిందితులపై ప్రయోగింపబడినవి. వ్యక్తి సమ్మతి లేక వీనిని ప్రయోగింపరాదని సెల్వి వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2010లో నిషేధించినది. చెమర్చిన నుదురును చూచిన సభ్యుడును, చెమటను కొలిచిన యంత్రమును ఒక్కదానినే వెదకుచున్నారు: అభియుక్తుని నోటితో పనిలేని యొప్పుకోలును. యంత్రమునకు శాస్త్రముద్ర యున్నంతమాత్రమున విజ్ఞానేశ్వరుని ఆక్షేపణము చెల్లకపోదు.

వర్ణభేదమును దాటవేయుట విమర్శకుని ధర్మము కాదు. స్త్రీలు, బాలురు, వృద్ధులు, రోగులు, అంధులు, కుంటివారు అనువారితోపాటు బ్రాహ్మణునకు తులాదివ్యము. శూద్రునకు అగ్నియో, జలమో, ఏడు యవలయెత్తు విషమో. ఒకే నిందకు ఒకనిని తూచుదురు, మరియొకనిచేత విషము త్రాగింతురు. ఇట్టి శాస్త్రమున, నిజము చెప్పినచో వర్ణస్థుడు వధింపబడునట్టి సందర్భమున సాక్షి అసత్యము పలుకవచ్చునని మరియొక నియమము కలదు. ఆ యసత్యమునకు సారస్వతచరువుతో ప్రాయశ్చిత్తము. దీనిని కొందరు కరుణయని పొగడుదురు, కొందరు సత్యభంగమని తెగడుదురు. నాకు తోచినది వేరు. అభియుక్తునకు తన ప్రాణమును కాపాడుకొను హక్కు శాస్త్రమున లేకపోవుటచే, ఆ భారము సాక్షి మనస్సాక్షిపై పడినది. తానే విధించిన దండమునకు శాస్త్రము తానే వెరచి, దొడ్డిదారిని తెరచి యుంచినది. హక్కు లేనిచోట కరుణ అబద్ధమాడవలసివచ్చును.

ఇక అధికారి తప్పుచేసినచో గతియేమి? ఈ ప్రశ్నకు స్మృతి మౌనము వహింపలేదు. బంధింపదగనివానిని బంధించినవానికి ఉత్తమసాహసము, అనగా 1080 పణముల దండము. అన్యాయముగా దండము గైకొన్న రాజు దానికి ముప్పదిరెట్లు వరుణునకు నివేదించి బ్రాహ్మణులకు దానమీయవలయును. రాజు గూడ తప్పుచేయుననియు, దానికి మూల్యము చెల్లింపవలయుననియు ఒప్పుకొనుట గొప్ప సంగతి. కాని ముప్పదిరెట్లు ఎవరికి చేరినవి? దండింపబడినవానికి కాదు. ఇచ్చటను విజ్ఞానేశ్వరుడే అడ్డుపడి, ఎవనియొద్ద ఎంత గైకొనబడినదో అంతయు వానికి తిరిగి యీయవలయుననియు, లేనిచో అపహరణదోషము కలుగుననియు చేర్చెను. అయినను, బంధింపబడినవాడు తానుగా వచ్చి నాకిది చెల్లవలయునని రాజును అడుగుటకు ప్రత్యేకమార్గము చూపబడలేదు.

ఈ మార్గము స్వతంత్రభారతమున గూడ ఆలస్యముగానే తెరువబడినది. నిర్దోషియని 1968లో విడుదల తీర్పు పొందియు 1982 వరకు కారాగారముననే మ్రగ్గిన రుదుల్ షాకు సుప్రీంకోర్టు 1983లో పరిహారమిప్పించినది. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల ఉపకారాగారమున 1977 మే నెలలో దుండగులు లోపల జొరబడి బాంబులు విసరగా ఒక నిర్బంధితుడు మరణించెను. రక్షణలోపము తమదైనను సార్వభౌమకృత్యమునకు నష్టపరిహారము చెల్లదని ప్రభుత్వము వాదించినది. 21వ అధికరణము హామీయిచ్చిన జీవితహక్కునకు ఆ వాదము అడ్డురాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1,44,000 రూపాయలు ఇప్పింపగా, 2000లో సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచినది. వరుణునకు చేరిన దండము మృతుని కుటుంబమునకు చేరుటకు ఇంతకాలము పట్టినది.

రాజ్యాంగమున వ్రాసియుండుటచేతనే హక్కు నిలిచియుండునని తలపరాదు. అత్యవసరపరిస్థితిలో నిర్బంధితుడు న్యాయస్థానమును ఆశ్రయింపజాలడని 1976లో సుప్రీంకోర్టే చెప్పినది. 1978లో 44వ సవరణము 20, 21 అధికరణములను నిలిపివేయుటకు వీలులేకుండ చేసినది. 1976 నాటి తీర్పు 2017లో త్రోసివేయబడినది. శాస్త్రమున వ్యాఖ్యాత పగ్గము వేసినను మూలము బిగిసియున్నట్లే, రాజ్యాంగమున మూలము విశాలమైనను వ్యాఖ్యాత దానిని బిగింపవచ్చును.

తుదకు కేతన సంగతి. ధర్మశాస్త్రమును తెలుగుపద్యములలోనికి తెచ్చుట కేవలము అనువాదకుని వినోదము కాదు. ఏ శాస్త్రముచేత తాను దండింపబడుచున్నాడో ఆ శాస్త్రము తన భాషలో ఉండుట, అభియుక్తునకు హక్కులన్నిటికి గడప వంటిది. కేతన పాఠకులు ధర్మాధికారులే యగుదురుగాక. సంస్కృతము రానివాడును వినిన గ్రహింపగల రూపమును వ్యవహారకాండమునకు అతడు కల్పించెను. రాజ్యాంగపు 22వ అధికరణము, పట్టుబడినవానికి కారణములను శీఘ్రముగా తెలుపవలయుననియు, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలయుననియు ఆదేశించుచున్నది. తెలుపుట యనగా వానికి తెలిసిన భాషలో తెలుపుటయేనని నివారకనిర్బంధవిషయమున 1962లో హరికిసన్ వ్యాజ్యమునందును, అరెస్టు విషయమున 2025లో విహాన్ కుమార్ వ్యాజ్యమునందును సుప్రీంకోర్టు స్పష్టపరచినది. తెలుగు 1966లోనే చట్టముచేత ఆంధ్రప్రదేశ్ అధికారభాష యయ్యెను. తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగున వెలువరించుట 2023లో విశేషవార్త యయ్యెను. ఈ రెండు సంవత్సరముల నడుమ నున్న వ్యవధియే మన స్థితిని చెప్పుచున్నది.

న్యాయస్థానపు తెలుగులో ఒక చిన్న పదమును చూడుడు. ఉర్దూలో ముద్దయీ యనగా వాది; ప్రతివాదికి వేరు పదము కలదు. మన వాడుకలో ముద్దాయి యనగా నేరము మోపబడినవాడే. ఫిర్యాదు చేయువానిపేరు బోనులో నిలుచువానికి అంటుకొనినను మనకు ఎబ్బెట్టు తోపలేదు. ఆ పదములు వచ్చిన భాష ప్రజలది కాకపోవుటయే ఇందులకు కారణము. భాష తెలియనివాడు తాను వాదియో, ప్రతివాదియో తెలియనివాడగును.

కావున విజ్ఞానేశ్వరమునుండి మనము గ్రహింపదగినది హక్కుల పట్టిక కాదు; అది యందు లేదు. అధికారికి కర్తవ్యములు అందు విస్తారముగా కలవు, వానిని అడుగువానికి స్థానము లేదు. గ్రహింపదగినవి రెండు. ఒకటి, చిహ్నమును చూచి మనుష్యుని దోషిగా తేల్చరాదను విజ్ఞానేశ్వరుని వివేకము. రెండవది, శాస్త్రమును జనుల భాషలో చెప్పవలయునను కేతన సాహసము. క్రొత్త సంహితలకు సంస్కృతనామములు పెట్టినంతమాత్రమున ఈ రెండును లభింపవు. పట్టుబడినవాడు తన్నెందులకు పట్టిరో తన భాషలో తెలిసికొని, పలుకక ఊరకున్నను నిర్దోషిగనే చూడబడిననాడు వ్యవహారకాండమునకు మనము వ్రాయవలసిన వ్యాఖ్య పూర్తియగును.